గరిగె వెంట మనిషి

ఊ కొట్టేవాళ్ళుంటేనే కథ. ఊ కొట్టకపోతే నేను ఆకూ వక్కా నమిలి పడుకుంటాను, మీ ఇష్టం. కొడతారా? సరే, వినండి.

అనగా అనగా, అంటే కొండలు పుట్టని కాలం కాదు గానీ, మా తాతకు తాత పాలపళ్ళు ఊడిన నాటి ముచ్చట. కొండకు ఇవతల, వాగుకు అవతల ఒక మెట్ట ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు, మా కథ నువ్వు తప్పు చెప్పావంటూ పోట్లాటకు వస్తారు.

ఆ ఊరికి ఒకటే మంచినీళ్ళ బావి. అదెంత లోతంటే, పొద్దున వేసిన బొక్కెన మధ్యాహ్నానికి పైకి వస్తుందని పక్క ఊరివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. అంత లోతు బావికి అంత పొడుగు చేంతాడు కావాలి. అంత పొడుగు చేంతాడు ఎక్కడో ఒకచోట నలుగుతుంది. నలిగినచోట తెగుతుంది. తెగితే బుడుంగుమని బొక్కెన మునుగుతుంది. ఆ ఊళ్ళో బొక్కెన పడని ఇల్లు లేదు.

బొక్కెన పడితే ఏం చేస్తారు? ఆదెమ్మ ఇంటికి పోతారు.

ఆదెమ్మ ఊరి చివర పాకలో ఒక్కతే ఉండేది. మొగుడు బావులు తవ్వేవాడు. చలిజ్వరం వచ్చి పోయాడు. పోతూ పోతూ ఆమెకు పొలమూ ఇవ్వలేదు, పుట్రా ఇవ్వలేదు, కడుపున ఒక కాయా ఇవ్వలేదు. ఒక పాతాళగరిగె ఇచ్చిపోయాడు.

పాతాళగరిగె అంటే మీలో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఇనుప కడియం. దాని చుట్టూ గొలుసులకు వేలాడే వంకర కొక్కేలు. తాడు కట్టి బావిలోకి దించి, అడుగున మెల్లగా తిప్పుతూ ఉంటే, పడిన బొక్కెన ఏదో ఒక కొక్కేనికి తగులుకుంటుంది. అప్పుడు పైకి లాగాలి. అంతే. చెప్పడానికి అంతే. తిప్పేవాడికి మాత్రం ఓపిక కావాలి. ఒక్కోసారి పూటంతా తిప్పినా బురద తప్ప ఏమీ రాదు.

గరిగెకు ఒక ఆచారం ఉంది. దాన్ని ఉత్త చేతులతో వచ్చినవాళ్ళకు ఇవ్వకూడదు. అడగవచ్చినవాళ్ళు తమ ఇంటి చెంబో గిన్నో ఆదెమ్మ అరుగు మీద పెట్టాలి. గరిగె తీసుకుపోవాలి. దీపాలు పెట్టే వేళకు గరిగె తెచ్చిచ్చి చెంబు పట్టుకుపోవాలి. గరిగె పరాయి ఇంట్లో నిద్ర చేస్తే ఊరికి అరిష్టమట. అరిష్టమో, తీసుకున్నవాడు ఎగ్గొడతాడన్న భయమో, పెద్దవాళ్ళకే తెలియాలి. మన పెద్దవాళ్ళు భయమని చెప్పరు, అరిష్టమనే చెబుతారు.

ఆదెమ్మ గరిగె ఇచ్చి ఊరుకునేది కాదు. వెంట వెళ్ళేది. ఎందుకంటే జనానికి తొందర. కొక్కెం ఏదో రాయికి తగలగానే దొరికిందని గుంజుతారు. గుంజితే గొలుసు తెగుతుంది. అందుకని ఆమె బావిగట్టు మీద కూర్చుని ఒకటే మాట చెప్పేది.

"లాగబాకయ్యా. తగిలిందాకా తిప్పు."

ఊ అనండి మరి.

ఇప్పుడొక సంగతి చెబుతాను. మనిషి మొహం చూస్తూ మనసులోది చెప్పడం కష్టం. తాడు పట్టుకున్న మనిషి ఎవరి మొహమూ చూడడు, బావిలోకి చూస్తాడు. బావిలోకి చూస్తూ మాట్లాడితే సిగ్గుండదు. గరిగె తిప్పుతూ తిప్పుతూ, అత్త పెట్టే ఆరళ్ళు కోడళ్ళు చెప్పేవాళ్ళు. కోడళ్ళ నిర్లక్ష్యం అత్తలు చెప్పేవాళ్ళు. ఆదెమ్మ ఎవరినీ తప్పు పట్టేది కాదు. "ఊ" అనేది. ఇంకొంచెం చెబితే "ఊ" అనేది. చెప్పడం ఆగిపోతే తనూ ఆగేది. బావిగట్టు మీద విన్నది ఇంకో గట్టు ఎక్కనిచ్చేది కాదు.

ఆమెకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. మొగుడు పోయినప్పుడు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పదకొండో రోజు దాకా జనం వచ్చారు, పన్నెండో రోజు నుంచి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. ఆమె లేవలేదు. ఒక పూట పక్కింటి ముసలావిడ వచ్చి, "ఆదెమ్మా, మా బొక్కెన పడింది, గరిగె కావాల" అంది. ఆచారం కదా, లేచి ఇవ్వక తప్పదు. లేచింది. బావి దాకా నడిచింది. తాడు పట్టుకుంది. తాడు పట్టుకోగానే, అన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. ముసలావిడ ఏడవొద్దనలేదు. పక్కన కూర్చుని "ఊ" అంది. అంతే ఆదెమ్మ చదువు.

ఇక చెంచయ్య కథకు వస్తున్నాను.

చెంచయ్య బండి తోలేవాడు. అతని పెళ్ళాం వెంగమ్మ. అతని తమ్ముడు మాల్యాద్రి, ఇంకా పెళ్ళి కాలేదు. అన్నాదమ్ములిద్దరూ బండి మీద పక్కపక్కన కూర్చుని పాడుకుంటూ పోతుంటే, ఎద్దులు కూడా వాళ్ళ పాటకు అడుగులు వేస్తాయని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఒక వానాకాలం వాళ్ళు సంతనుంచి తిరిగి వస్తుంటే పైన కొండల్లో వాన కురిసింది. వాగు పొంగింది. బండి వాగులో పడిపోయింది. చెంచయ్య గట్టెక్కాడు. ఒక ఎద్దు ఎక్కడో ఒడ్డెక్కి, మర్నాడు తనంతట తాను ఇంటికొచ్చింది. రెండో ఎద్దు రాలేదు. మాల్యాద్రి రాలేదు. ఊరంతా వాగు వెంబడి వెతికినా మాల్యాద్రి దొరకలేదు.

ఆనాటినుంచి చెంచయ్య మాట్లాడలేదు. పెడితే ఒక ముద్ద తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. దొడ్లో ఎద్దు అరిస్తే చెవులు మూసుకునేవాడు. వాగు వైపు మొహం పెట్టుకుని కూర్చునేవాడు. మనిషి ఉన్నాడు, మనిషిలో మనిషి లేడు. వెంగమ్మకు ఒకటే భయం, ఏదో ఒక రోజు ఇతనూ ఆ వాగు వైపే నడుస్తాడేమోనని.

ఊరు ఊరుకుంటుందా? మందు చెప్పని ఊరు ఎక్కడుంది?

మొదట భూతవైద్యుడు వచ్చాడు. "వాగు దయ్యం పట్టింది" అన్నాడు. వేపమండలతో కొట్టాడు. ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. చెంచయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి. దయ్యం ఏడుస్తోందన్నాడు వైద్యుడు. పొగ పెడితే ఎవరికైనా కారతాయి. పోతూ పోతూ చెంచయ్య భుజం తట్టి, "మర్చిపో నాయనా" అన్నాడు.

తర్వాత ఊరిపెద్ద వచ్చాడు. మంచం వాల్పించుకుని కూర్చున్నాడు. "మగాడివై పుట్టి ఇట్టా గోడకు ఆనుకుంటే ఎట్టారా? పోయినోళ్ళతో పోతామా?" అని పొద్దు గూకేదాకా చెప్పాడు. లేస్తూ లేస్తూ, "మర్చిపో" అన్నాడు.

ఆ తర్వాత వెంగమ్మ పుట్టింటివాళ్ళు వచ్చారు. ఉన్న ఎద్దుకు జతగా ఇంకో ఎద్దును తోలుకొచ్చారు. పాపం, మంచి ఎద్దే. చెంచయ్య దాన్ని చూసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. బావమరిది తలుపు బయట నిలబడి, "మర్చిపో బావా" అన్నాడు.

మర్చిపో, మర్చిపో, మర్చిపో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ముగ్గురూ మేలు కోరినవాళ్ళే. కానీ మర్చిపొమ్మని చెబితే ఎవడు మర్చిపోయాడు? తల్చుకోవడానికి తోడు లేక, చెంచయ్య ఒక్కడే తల్చుకుంటూ కూర్చున్నాడు. ఇక ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, వాళ్ళ ఇంటి ముందు ఆగి తొంగిచూసి పోయేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళ సంగతి చెబితే నాకు కోపం వస్తుంది, వదిలేద్దాం.

వెంగమ్మ ఆదెమ్మ దగ్గరకు వచ్చింది. అరుగు మీద కూలబడింది.

"అవ్వా, మా ఇంటాయన నాకు దక్కేటట్టు లేడు."

"ఊ."

"ఎవురేం చెప్పినా పలకడు. నీ బావి కాడికి వస్తే అందరూ మాట్టాడతారంట. వొచ్చి మాట్టాడిచ్చవ్వా."

"నేను మాట్టాడిచ్చేదేం లేదు తల్లీ. నేనొస్తే ఇంకో ముసల్ది వొచ్చి మర్చిపొమ్మంటదనుకుంటాడు." ఆదెమ్మ మూలనున్న గరిగె వైపు చూసింది. "ఒక పని చెయ్యి. మీ బొక్కెన బావిలో పడెయ్యి."

"పడెయ్యాలా?"

"ముడి వదులు చేస్తే అదే పడిపోద్ది. గరిగె తెమ్మని ఆయన్ని పంపు. నీ చేతులు నొప్పులని చెప్పు. ఇంట్లో నీళ్ళు లేకపోతే ఎట్టాంటోడైనా లేస్తాడు."

వెంగమ్మ ఇంటికి పోయి ముడి వదులు చేసింది. బుడుంగు.

చెంచయ్య లేచాడు. ఒక చెంబు తెచ్చి అరుగు మీద పెట్టాడు. గరిగె అందుకున్నాడు. ఆదెమ్మ వెంట నడిచింది. బావిలోకి గరిగె దించి చెంచయ్య తిప్పాడు. తగిలీ తగలగానే గుంజబోయాడు.

"లాగబాకయ్యా. తగిలిందాకా తిప్పు" అంది ఆదెమ్మ.

తిప్పాడు. మొదట ఎవరిదో ఇత్తడి గ్లాసు వచ్చింది. తర్వాత బొక్కెన వచ్చింది. మాట మాత్రం రాలేదు. చెంచయ్య చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆదెమ్మ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ బుడుంగు. "మీ ఇంట్లో ముడెయ్యడం రాదా ఏందే?" అని వెంగమ్మను బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు. చెంచయ్య మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తిప్పాడు. ఎండ బావి చప్టా మీదికి వచ్చింది, ఎండ చప్టా దాటిపోయింది. అప్పుడు బావిలోకి చూస్తూ ఒక మాట అన్నాడు.

"వాడికి ఈతొచ్చవ్వా. నాకే రాదు."

ఎన్నాళ్ళకో వచ్చిన మాట. ఆదెమ్మకు వంద మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేసి, "ఊ" అంది.

ఇంకో మాట రాలేదు. బొక్కెన వచ్చింది. చెంచయ్య వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మూడోసారి. ఈసారి సరిగ్గా వినండి, ఇక్కడే ఆదెమ్మ తప్పు చేసింది.

ఆ రోజు ఆదెమ్మకు ఒళ్ళు కాలిపోతోంది. కంబళి కప్పుకుని లోపల పడుకుంది. అరుగు మీద ఠంగుమని చెంబు చప్పుడైంది.

"అవ్వా, బొక్కెన పడింది" అన్నాడు చెంచయ్య.

ఎవరూ పొడవకుండా, తనంతట తాను నోరు విప్పి అడిగాడని ఆదెమ్మ పొంగిపోయింది. "నాకు జరంగా ఉంది నాయనా. ఇప్పుడు నీకు చేతనైంది గదా. మెల్లంగా తిప్పుకో, పో" అంది. పడుకునే చెప్పింది. చెంబు వైపు చూడలేదు, అతని మొహం వైపు చూడలేదు. గరిగె ఒంటరిగా గడప దాటడం అదే మొదలు.

పొద్దు వాలుతోంది. వీధిలో వెంగమ్మ పోతోంది. నెత్తిన బిందె, భుజాన చేంతాడు, చేతిలో బొక్కెన.

"దొరికిందా తల్లీ?" అని లోపలినుంచి అడిగింది ఆదెమ్మ.

"ఏందవ్వా?"

"మీ బొక్కెన."

"పోతే గదా దొరికేది! ఇయ్యాల నేను పడెయ్యలా."

ఆదెమ్మ కంబళి విసిరేసి లేచింది. అరుగు మీదికి వచ్చింది. చెంబు చూసింది. వెంగమ్మా చూసింది. నెత్తిమీది బిందె నేలకు జారింది.

"అవ్వా, ఇది మా మరిది చెంబు. వాడు పోయినకాడ్నించి ఈయన గుడ్డలో కట్టి దాచుకున్నాడు. నన్ను గూడా ముట్టుకోనియ్యలా. ఇది తెచ్చి ఈడెందుకు పెట్టాడు?"

ఎందుకు పెట్టాడో ఇద్దరికీ తెలిసింది. బావికి పోలేదు అతను. వాగుకు పోయాడు. బండి మునిగిన మడుగులో తమ్ముణ్ణి వెతకడానికి గరిగె పట్టుకుపోయాడు. ఈత రానివాడు.

వెంగమ్మ కేక పెట్టబోయింది. ఆదెమ్మ ఆమె నోరు మూసింది.

"అరవబాక. అరిస్తే బెదురుకుని అడుగు ముందుకేస్తాడు. పోయి ఈతొచ్చినోళ్ళను పిల్చుకురా. పెద్ద తాళ్ళు తెమ్మను. చప్పుడు చెయ్యకుండా గట్టున నిలబడమను. ఒక్కడు గూడా వాణ్ణి మర్చిపొమ్మనొద్దు, తిట్టొద్దు, ఏడవొద్దు."

వెంగమ్మ ఊళ్ళోకి పరిగెత్తింది. ఆదెమ్మ వాగు దారి పట్టింది. పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నాయి. దారిపొడవునా ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఇనుప ముక్కను ఇచ్చి పంపాను, మనిషిని ఇవ్వలేదు. ఇనుప ముక్కను ఇచ్చి పంపాను, మనిషిని ఇవ్వలేదు.

మడుగు దగ్గర చెంచయ్య నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. విసిరిన గరిగె మడుగు నడిమి లోతుకు అందడం లేదు. అందని కొద్దీ ఒక అడుగు ముందుకు వేస్తున్నాడు. ఆదెమ్మ చూస్తుండగానే రొమ్ము లోతుకు వచ్చాడు.

ఆమె పిలవలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలో దిగింది. మెల్లగా, పశువు పక్కకు పోయినట్టు, అతని పక్కకు పోయింది. తాడు వెనక కొస అందుకుని తన నడుముకు చుట్టుకుంది.

"లాగబాకయ్యా" అంది. "తగిలిందాకా తిప్పు."

చెంచయ్య ఉలిక్కిపడలేదు. ఆమె వస్తుందని ఎదురుచూసినట్టే ఉన్నాడు. "అందడం లేదవ్వా" అన్నాడు.

"ముందుకు పోతే అందదు. ఆ బండ మీదినించి దించుదాం, పా. నువ్వు తిప్పు, నేను పట్టుకుంటా."

పక్కనే మడుగులోకి చొచ్చుకుని ఒక బండ ఉంది. ఇద్దరూ దానిమీదికి ఎక్కారు. గరిగె దించారు. తిప్పారు. ఆదెమ్మకు జ్వరంతో పళ్ళు టకటకలాడుతున్నాయి. తిప్పారు. వెనక గట్టుమీద ఒకరొకరుగా జనం చేరుతున్నారు. ఈతగాళ్ళు వచ్చారు, ఊరిపెద్ద వచ్చాడు, భూతవైద్యుడు వచ్చాడు. ఆదెమ్మ చెప్పి పంపిన మాటకు కట్టుబడి ఎవరూ నోరెత్తలేదు. ఆ ఊరు నోరెత్తకుండా ఉండడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

మొదట ఒక ముళ్ళకంప వచ్చింది. తర్వాత బండి చక్రం ఆకు, అదే చక్రం మధ్యలో ఉండే కర్ర, ఒకటి వచ్చింది. మూడోసారి తాడు బరువెక్కింది. చెంచయ్య మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. కొక్కేనికి తగులుకుని ఎద్దు మెడగంట వచ్చింది. బురద పట్టి ఉంది. అతను బురద తుడిచాడు. గంట మోగింది.

ఆ మోత విని చెంచయ్య బండమీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది మాట.

"వాడు వద్దన్నాడవ్వా. వాగు తగ్గిందాకా ఉందామన్నా అన్నాడు. నేనే యినలా. నేనే దించా."

"ఊ" అంది ఆదెమ్మ.

"నీళ్ళు మెడకాడికొచ్చినయ్. నాకు ఈత రాదు గదా. వాడు నన్ను గట్టుకు తోశాడు."

"ఊ."

"నన్ను తోసి, ఎద్దుల పలుపులు కోసేదానికి మళ్ళా పోయాడు. ఒక ఎద్దును ఇడిపిచ్చాడు. రెండోదాని కాడికి పోతా నా వంక చూశాడు. నేను పొమ్మనలా, రమ్మనలా. నోరు రాలా నాకు."

ఈసారి ఆదెమ్మ ఊ అనేలోపే గట్టుమీద ఎవరో "ఊ" అన్నారు. ఇంకెవరో "ఊ" అన్నారు. గట్టంతా ఊ అంది. ఊరిపెద్ద కూడా అన్నాడు.

చెంచయ్య తల ఎత్తి ఆదెమ్మ మొహంలోకి చూశాడు. తాడు పట్టుకున్నాక అతను మనిషి మొహం చూడడం అదే మొదలు.

"నేనే చంపా గదా అవ్వా?"

గట్టుమీద అందరి నోళ్ళలోనూ "కాదు కాదు" అన్న మాట సిద్ధంగా ఉంది. ఆదెమ్మ తొందరపడలేదు.

"నువ్వు బండి దించావు. అది నిజం. పైన వాన కురిసి వాగు పొంగింది. అదీ నిజం. నీ తమ్ముడు నిన్ను బతకమని గట్టుకు తోశాడు. అదీ నిజం. నువ్వు మొదటిదొక్కటే మోస్తన్నావు నాయనా. మొయ్యి, వద్దనను. మోస్తే మూడూ మొయ్యి."

చెంచయ్య ఆ గంటను చేతిలోకి ఎత్తుకున్నాడు. "బరువుగా ఉందవ్వా" అన్నాడు.

"ఉంటది. అందుకే గదా ఇంతమందిమొచ్చింది."

అప్పుడు ఏడ్చాడు చెంచయ్య. మిరపపొగ లేకుండా ఏడ్చాడు. వెంగమ్మ నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చి అతని పక్కన కూర్చుంది. వాళ్ళు లేచి ఇంటిదారి పట్టేసరికి దీపాల వేళ దాటిపోయింది. గరిగె ఇల్లు చేరలేదు. ఆచారం తప్పింది. ఊరికి ఏ అరిష్టమూ రాలేదు.

ఊరివాళ్ళు ఆదెమ్మను పాకలో పడుకోబెట్టి, కుంపటి పెట్టి, గంజి తాగించారు. చెంచయ్య గరిగె కడిగి మూలన తగిలించాడు. చెంబు మాత్రం తీసుకోలేదు.

"చెంబు మర్చిపోయావు నాయనా" అంది ఆదెమ్మ.

"మర్చిపోలా. ఈడే ఉండనియ్యి. నేను మళ్ళా రావాల గదా."

వచ్చాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఒక్కరోజుతో బాగుపడ్డాడని చెబితే కథకు అందంగా ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు. కంటిమీద కునుకు లేక మనిషి తూలిపోతుంటే, ఆదెమ్మ అతన్ని బండెక్కించి, పట్నంలో పేరున్న వైద్యుడి దగ్గరకు తీసుకుపోయింది. "నా తాడు ఇంతే నాయనా. ఇంకా పెద్ద తాడున్నోళ్ళు ఉంటారు. అడిగితే తప్పేంది?" అంది. ఆ బండికి కట్టింది ఎవరిననుకున్నారు? ఇంటికొచ్చిన పాత ఎద్దునూ, బావమరిది తెచ్చిన కొత్త ఎద్దునూ. పాతదాని మెడలో మడుగులోంచి వచ్చిన గంట.

ఆనాటినుంచి ఆదెమ్మ పాత ఆచారం తీసేసి కొత్త ఆచారం పెట్టింది. "గరిగె ఏ ఇంట్లో నిద్ర చేసినా ఫర్వాలేదు. గరిగె వెంట మనిషి పోవాల. మనిషి లేకుండా గరిగె గడప దాటకూడదు."

ఇక జనం రావడం మొదలుపెట్టారు. బొక్కెన పడినవాళ్ళూ వచ్చారు, పడనివాళ్ళూ వచ్చారు. బిడ్డ పోయిన తల్లి వచ్చింది. బిడ్డ పుట్టాక ఎందుకో తెలియకుండా ఏడుపొస్తున్న తల్లీ వచ్చింది. ఆదెమ్మ ఒక్కతే ఎందరి వెంట పోగలదు? ఒకరి వెంట చెంచయ్యను పంపింది. ఇంకొకరి వెంట వెంగమ్మను పంపింది. తాడు పట్టి తేరుకున్నవాళ్ళు ఇంకొకరి పక్కన కూర్చోవడం నేర్చుకున్నారు. ఒక రోజు భూతవైద్యుడే వచ్చి, తల వంచుకుని, అరుగు మీద చెంబు పెట్టాడు. ఆయన గోడు ఏమిటని నన్ను అడక్కండి. విన్నవాళ్ళు చెప్పలేదు.

ఆదెమ్మ పండుటాకై రాలిపోయింది. చెంచయ్య తలకొరివి పెట్టాడు. ఆ తర్వాత గరిగె ఎవరిదన్న మాట వచ్చింది. ఊరిపెద్ద, మా ఇంట్లో భద్రంగా ఉంటుందన్నాడు. కమ్మరి, అరిగిపోయింది, కరిగించి కొత్తది చేస్తానన్నాడు. భూతవైద్యుడు, గుడి కట్టి అందులో పెట్టి దండం పెడదామన్నాడు.

చెంచయ్య ఒప్పుకోలేదు. "దండం పెడితే చేతులు రెండూ అక్కడే ఆగిపోతయ్. తాడెవురు పట్టుకుంటారు?" అన్నాడు. గరిగె తీసుకుపోయి బావిగట్టు మీద గిలక స్తంభానికి తగిలించాడు. ఎవరికి కావాలంటే వాళ్ళకు అందే ఎత్తులో. మాల్యాద్రి చెంబు పక్కన పెట్టాడు, దాహమైన వాళ్ళు తాగడానికి.

ఇప్పుడు ఆ ఊళ్ళో వీధికో కొళాయి ఉంది. బావిలో బొక్కెన వేసేవాళ్ళు లేరు. అయినా గరిగె ఆ స్తంభానికే ఉంది. ఎవరైనా దాన్ని తీసి చేతిలో పట్టుకుని గట్టుమీద కూర్చున్నారంటే, చూసినవాళ్ళు ఎంత పనిలో ఉన్నా వదిలేసి వస్తారు. పొయ్యిమీద కూర మాడినా వస్తారు. ఏం పడిందని అడగరు. ఏమైందని అడగరు. "తోడొచ్చా" అంటారు. పక్కన కూర్చుంటారు.

ఈ మధ్య పట్నంనుంచి మనసు డాక్టరమ్మ ఒకామె వారానికోసారి ఆ ఊరు వస్తోంది. పెద్ద తాడున్న మనిషి. పంచాయతీవాళ్ళు ఆమెకు ఒక గది చూపించారు. గదిలోకి ఎవరూ రాలేదు. రెండు వారాలు చూసి, ఆమె తన కుర్చీ తానే ఎత్తుకుని బావిగట్టు మీద వేసుకుంది. ఇక చూడండి, ఆమెకు మధ్యాహ్నం అన్నం తినడానికి తీరిక లేదు.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఎవరైనా, ఆదెమ్మ అంత గొప్పగా ఏం చేసిందని అడిగితే, ఆ ఊరి ముసలమ్మలు ఒకటే చెబుతారు. అదే నేనూ చెబుతాను. ఇందాకటినుంచి మీరు నాకు ఏం చేశారు? నేను చెబుతుంటే కూర్చుని ఊ కొట్టారు. ఆదెమ్మ అంతే చేసింది. చూశారా, మీకూ చేతనైన పనే.

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. ఈ కథ పోదు, బావిగట్టు దగ్గరే ఉంటుంది. మీరు ఇళ్ళకు పొండి. పోతూ పోతూ, మీ వీధిలో ఎవరి తలుపైనా చాలా రోజులుగా మూసి ఉంటే, ఒకసారి తట్టి పొండి.

ఊ?